మూతి పగిలిన సీసా

కడుగుడు గది, కింది అంతస్తు
సోమవారం

చెల్లీ,

నువ్వు ఎలా ఉన్నావని అడగను. అడిగితే "బాగున్నా" అని రాస్తావు, అది చదివితే నాకు ఇంకా భయం. అందుకని అడగాల్సినవి విడివిడిగా అడుగుతా, ఒక్కోదానికీ జవాబు రాయి. జ్వరం ఎంత. పుండు రంగు ఏమిటి. వాసన వస్తోందా. కాలివేళ్ళు కదులుతున్నాయా. దిండు ఎత్తుగా ఉందా. కిటికీ ఉందా. ఉంటే తెరవొద్దు, చలిగాలి మంచిది కాదు.

ఫోన్ చెయ్యట్లేదని కోపం పెట్టుకోకు. ముప్పై ఏళ్ళు సీసాలు ఉడికించే ఆ ఆవిరి బీరువా హోరు పక్కన నిలబడితే చెవులు ఏం మిగులుతాయి. కాగితమైతే పదిసార్లు చదువుకోవచ్చు. నా రాత కోడి కెలికినట్టు ఉంటుంది, ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని, నువ్వే సర్దుకో.

రాలేదని నువ్వు అనుకోవు, నాకు తెలుసు. నేనే అనుకుంటున్నా. మా ల్యాబుకి ఒక రూలుంది. నువ్వున్నలాంటి గది దాకా వెళ్ళొచ్చిన వాళ్ళు పదిహేను రోజులు ఇక్కడ అడుగు పెట్టకూడదు. పదిహేను రోజులు రాకపోతే నా వయసు చూసి ఇంకొకళ్ళని పెట్టేస్తారు. ఇదివరకైతే పోనీలే అనేదాన్ని. ఇప్పుడు అనలేను. ఎందుకంటే, నీ పుండులోంచి తీసిన క్రిమి మా ల్యాబుకి వచ్చింది.

మీ డాక్టరే పంపాడట. ఏ మందుకీ లొంగట్లేదు, మీరు తయారు చేస్తున్న కొత్తదానికి లొంగుతుందేమో చూడండి అని. మూడో అంతస్తులో కళ్ళజోడు పిల్ల ఒకతి ఉంది, ఆ మందు పనంతా ఆ పిల్లదే. సీసాలు తీసుకెళ్ళడానికి కిందికి దిగి చెప్పింది. నీ క్రిమి నా నెత్తిమీద మూడంతస్తుల పైన కూర్చుని ఉంది, నేనేమో కింద సీసాలు తోముతున్నా.

అది ఏం మందని అడిగాను. ఒక సాదా క్రిమిని పట్టుకుని దాని లోపల ఒక రాత అతికిస్తారట. అది ఆ రాత చదువుకుని చిన్న చిన్న గొలుసు ముక్కలు తయారు చేస్తుందట. పెప్టైడ్లు అంటుంది ఆ పిల్ల. ఆ గొలుసు ముక్క వేరే క్రిమికి తగిలితే దాని ఒంటికి చిల్లులు పడి, నీళ్ళ తిత్తి కారిపోయినట్టు కారిపోతుందట. మరి తయారు చేసేదానికి చిల్లు పడదా అన్నాను. "అదే బామ్మగారూ మా బాధంతా" అని నవ్వింది. అందుకని ఆ గొలుసుకి ఒక బరువు కట్టి, ముడి వేసి, ఏమీ చెయ్యలేకుండా పుట్టిస్తారట. చివరికి ఆ క్రిమిని పగలగొట్టి, ముడి కోసి, మందు బయటికి తీస్తారట. అంటే తన చావుని తన కడుపులోనే మూటకట్టి మోస్తోందన్నమాట, అది ఏం మూటో తెలియకుండా. విన్న దగ్గర్నుంచీ ఆ ఫ్లాస్కులు కడగాలంటే చెయ్యి రావట్లేదు. నవ్వకు.

జవాబు తొందరగా రాయి. వేళ్ళ సంగతి మర్చిపోకు.

అక్క


ఏడో నంబరు గది
గురువారం

అక్కా,

జ్వరం నూటొకటి. రంగు చెప్పను. వాసన ఉంది, నాకు అలవాటైంది, నర్సు ముక్కుకి గుడ్డ ఉంది. వేళ్ళు కదులుతున్నాయి. దిండు ఎత్తుగానే ఉంది. కిటికీ ఉంది, తెరుచుకోదు, దానికి గడియే పెట్టలేదు. అన్నీ రాశానా.

ఇది నా చేతిరాత కాదని కంగారు పడి ఉంటావు. ఈ గదిలోంచి కాగితం ముక్క కూడా బయటికి పోకూడదు. నేను రాసి తలుపు గాజుకి ఆనించి పట్టుకుంటా. అవతల నర్సు కుర్చీ వేసుకుని, చూసి, ఉన్నదున్నట్టు ఇంకో కాగితం మీద రాస్తుంది. చెయ్యి నొప్పెడితే దింపుతా, ఆవిడ గాజు మీద వేలితో కొడుతుంది, మళ్ళీ ఎత్తుతా. నీ ఉత్తరం మాత్రం లోపలికి వస్తుంది. వచ్చింది ఏదీ తిరిగి వెళ్ళదు, అన్నీ చివరికి కాల్చేస్తారట. నన్ను మినహాయించండి అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇది కూడా ఆవిడే రాస్తోంది, ఇప్పుడైనా నవ్వుతుందేమో చూస్తా.

మంచం నుంచి తలుపుకి ఐదు అడుగులు, తలుపు నుంచి కిటికీకి నాలుగు. కిటికీలోంచి ఒక గోడ, గోడ మీద గొట్టం, గొట్టం మీద ఒక పావురం. విరిగిన చీలమండలో ఉక్కు పట్టీ వేయించుకుని రెండు రోజుల్లో పోదామని వచ్చినదాన్ని. రెండున్నర నెలలు. నా కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది, సూది కింద. ఆ జాకెట్టు ఆవిడ ఈపాటికి లావెక్కిపోయి ఉంటుంది.

నీ క్రిమి కథ బాగుంది. దాన్ని తలుచుకుని ఏడవకు. అది నీకంటే ధైర్యంగా ఉండి ఉంటుంది, దానికి మనసు లేదు కదా.

చెల్లి


కడుగుడు గది
బుధవారం

చెల్లీ,

మంచి మాట ముందు చెప్పేస్తా, మళ్ళీ కంగార్లో మర్చిపోతాను. కళ్ళజోడు పిల్ల నీ క్రిమిని పళ్ళెంలో పెంచి, దాని మధ్యలో మందు చుక్క వేసింది. చుక్క చుట్టూ ఖాళీ పడింది. నాకు అద్దంలోంచి చూపించింది, బొటనవేలి గోరంత ఖాళీ, లోపల ఒక్కటి కూడా బతకలేదు. "ఇంత పెద్ద వలయం నేనూ చూడలేదు బామ్మగారూ" అంది. నాకు కూర్చోవాలనిపించింది. స్టూలు తడిగా ఉంది, అయినా కూర్చున్నా.

పైవాళ్ళు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారట. మందు గాజు సీసాల్లో పోసి ఆ రోజే పంపారు. నువ్వున్న ఊరికి చేరడానికి ఒక పగలు పడుతుందట. ఈ ఉత్తరం కంటే ముందే నీ దగ్గరికి వచ్చి ఉంటుంది. పుండు మీద పోసేటప్పుడు మండితే ఓర్చుకో.

ఇక నా గోల. మిగతా గదుల వాళ్ళు నా మీద పడ్డారు. నేను కడిగి పంపిన సీసాల్లో వాళ్ళ క్రిములు పెరగట్లేదట. సబ్బు మిగిలిపోయిందంటారు. ఆ సీసాలకి సబ్బు తగలకూడదు, మరిగే నీళ్ళతో ఐదుసార్లు, చివర శుద్ధమైన నీళ్ళతో ఒకసారి, తర్వాత ఆవిరి బీరువా. అది మా రూలు. నేను ఇంతవరకు సబ్బు ముట్టలేదు. అయినా ఎవరైనా "మీరు సబ్బు వేశారా" అనగానే, వేశానేమోనని నాకే అనుమానం వచ్చేస్తుంది. నా సంగతి నీకు తెలుసుగా.

ఇంకోటి. నీతో తప్ప ఎవరితోనూ అనలేను. మూతి కాస్త పగిలిన సీసాలు పారేసే బుట్టలో పడతాయి. కడిగేవాళ్ళం వాటిని ఇంటికి పట్టుకుపోవడం ఎప్పట్నించో ఉంది, నా ముందున్న ఆవిడా అంతే, ఉప్పుకీ పంచదారకీ. అలవాటు కొద్దీ పోయిన వారం నేనూ ఒకటి తెచ్చుకున్నా. తీరా తెచ్చాక గేటు దగ్గర కొత్త కాగితం అంటించారు. మూడో అంతస్తు సామాను చీపురుపుల్లైనా బయటికి తీసుకెళ్తే ఉద్యోగం ఊడినట్టే, ల్యాబు గుమ్మం ఇక తొక్కనివ్వరు. ఆ సీసా మూడో అంతస్తుదే. తిరిగి పట్టుకెళ్దామంటే గేటు దగ్గర సంచి చూస్తారు, పారేద్దామంటే ఎవరైనా చూస్తారు. పాలు పోసి తోడు పెట్టి అలమరలో వెనక్కి తోసేశాను. పెరుగు సీసాలా ఉంటే ఎవరికీ అనుమానం రాదు కదా.

అక్క


ఏడో నంబరు గది
మంగళవారం

అక్కా,

మందు వచ్చింది. నాలుగు రోజులు పోశారు. మండలేదు. మండితే బాగుండేది అనిపించింది, ఏదో ఒకటి జరుగుతున్నట్టు ఉంటుంది కదా. ఐదో రోజు పుండులో పుల్ల పెట్టి తీసి పరీక్ష చేశారు. క్రిమి ఎంత ఉండాలో అంతా ఉంది. నేను తగ్గాను కానీ అది తగ్గలేదు.

డాక్టరు మళ్ళీ ఒకసారి తెప్పిద్దాం అన్నాడు. నువ్వు ఆ పిల్లని ఏమీ అడగకు, పాపం పిల్లది.

సీసా సంగతి చదివి చాలాకాలానికి నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళుగా ఒక్క తప్పు చెయ్యనిదానివి, తీరా చేసింది ఒక పెరుగు సీసా. దాన్ని అలాగే అలమరలో ఉండనీ. నువ్వు చూసుకోవాల్సింది దాన్ని కాదు, నీ మోకాళ్ళ నొప్పిని.

పావురం రెండు రోజులుగా రాలేదు.

చెల్లి


కడుగుడు గది
శనివారం

చెల్లీ,

నువ్వు అడగొద్దన్నా అడిగాను. నోరు ఊరుకోలేదు. ఆ పిల్లకి నాకంటే ఎక్కువ దిగులుగా ఉంది. తయారు చేసిన పూట సన్న ప్లాస్టిక్ గొట్టంలో తీసి పరీక్షిస్తే వలయం పడుతోందట. అదే మందు నీ దగ్గరికి వచ్చేసరికి నీళ్ళతో సమానం. దారిలో ఎండ తగిలిందేమో అని మంచు పెట్టి పంపారు రెండోసారి. నీకు ఈ వారంలో వస్తుంది.

ఇక్కడ మాత్రం నా మెడకి బిగుస్తోంది. నిన్న ల్యాబు పెద్ద మేడం నన్ను పైకి పిలిచింది. గదిలో కుర్చీ వేసి కూర్చోమంది, కూర్చోమన్నప్పుడే అనుకున్నా. ఒక కాగితం నా ముందు పెట్టింది. "ఇక మీద సబ్బు వాడను" అని రాసి ఉంది, కింద సంతకం పెట్టమంది.

"ఇప్పటివరకు వాడలేదమ్మా" అన్నాను.

"వాడలేదనే అనుకుందాం. ఇక మీద వాడనని పెట్టండి. మీ మీద కేసేమీ లేదు, ఫైల్లో ఉండాలంతే."

"ఇక మీద వాడనంటే, ఇంతకుముందు వాడినట్టేగా."

"బామ్మగారూ, మీరు నాకు చదువు చెప్పకండి" అంది. కోపంగా కాదు, అలిసిపోయి. నేను సంతకం పెట్టలేదు. పెట్టకుండానే మెట్లు దిగేశా. ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పనిదాన్ని, ఇదేం పోయేకాలం నాకు. పదిహేనో తారీఖు దాకా గడువిచ్చింది. పెడితే అబద్ధం, పెట్టకపోతే ఇంటికి. ఇంటికి పోతే నీ మందు సంగతి నాకెవరు చెప్తారు.

ఇంకొక ఆలోచన వచ్చింది. రాయడానికి కూడా భయమేస్తోంది. అప్పుడే తీసిన మందు, ఆ ప్లాస్టిక్ గొట్టంలోది, ఒక్కటి నా కొంగులో ముడేసుకుని బస్సెక్కి నీ దగ్గరికి వస్తే. ఆ పిల్ల బల్ల నేనే తుడుస్తాను. ఎవరూ చూడరు. నువ్వు ఊఁ అను, వచ్చేస్తా.

అక్క


ఏడో నంబరు గది
శుక్రవారం

అక్కా,

ఊఁ అనను. నీకు మతి పోయిందా. నువ్వు దొంగతనం చేస్తే బస్సెక్కేలోపే "నేను దొంగతనం చేశాను" అని కండక్టరుకి చెప్పేస్తావు. ఇక్కడ లోపలికి ఏదైనా నర్సు చేతుల మీదుగానే రావాలి, ఆవిడ రానివ్వదు, రానివ్వనని ఇప్పుడే గాజు అవతల తల అడ్డంగా ఊపుతోంది.

సంతకం పెట్టేయి. కాగితమేగా. నేను ఇక్కడ ఎన్ని పెట్టానో లెక్క లేదు.

రెండో మందు కూడా పోశారు. చూద్దాం. నేను బాగానే ఉన్నా. నువ్వు అడగనన్న మాటే రాస్తున్నా చూడు.

చెల్లి

అమ్మా, ఇది నేను, నర్సుని. మీ చెల్లెలు కాగితం దింపేసింది, ఈ నాలుగు మాటలు ఆవిడ చెప్పనివి. రెండో మందు కూడా పని చెయ్యలేదు. క్రిమి ఎముక దాకా పోతోంది. ఇరవయ్యో తారీఖున మోకాలి కింద నుంచి కాలు తీసెయ్యాలని డాక్టర్లు నిర్ణయించారు. మీకు రాయొద్దని ఆవిడ నా చేత ఒట్టు వేయించుకోబోయింది, నేను వెయ్యలేదు. ఆవిడ నవ్విస్తూనే ఉంటుంది, కానీ రెండు రోజులుగా మిషను తొక్కినట్టు ఆ పాదాన్ని దుప్పటి కింద ఆడిస్తోంది. మీకు తెలియాలనిపించింది.


ఇల్లు
పదకొండో తారీఖు

చెల్లీ,

నాకు రాయొద్దని నర్సు చేత ఒట్టు వేయించుకోవడానికి నువ్వెవరు. చిన్నప్పుడు జ్వరం వస్తే కూడా మంచం కింద దాక్కునేదానివి, అమ్మకి తెలియకూడదని. అప్పుడూ నేనే నీ కాలు పట్టుకుని బయటికి లాగాను. ఆ కాలే. నర్సుకి నా దండాలు చెప్పు. నీకు చెప్పను.

తొమ్మిది రోజులున్నాయి. వేళ్ళ మీద లెక్కపెట్టాను, ఒక వేలు మిగిలింది.

సంతకం పెట్టలేదు. ఈ పూట సెలవు పెట్టి ఇంట్లో ఉన్నా. ఒక సంగతి చెప్పాలి. అది నిజంగా సంగతేనో, నా పిచ్చో తెలియదు. నువ్వు ఎప్పుడూ నన్ను తెలివితక్కువదాన్నని అనలేదు కాబట్టి నీకే రాస్తున్నా.

ఆ సీసాలో పెరుగు తోడుకోలేదు. మొదటిసారి పాలు పాలలాగే ఉంటే తోడు చచ్చిపోయిందనుకున్నా. పారబోసి, మరగబెట్టిన పాలు మళ్ళీ పోసి, పక్కింటావిడ దగ్గర కొత్త తోడు తెచ్చి వేశా. మర్నాటికి అడుగున కాస్త గట్టిపడి పైనంతా నీళ్ళు. సరే, ఈసారి పాలు రెండు భాగాలు చేశా. ఒకటి స్టీలు గిన్నెలో, ఒకటి ఆ సీసాలో. తోడు ఒకటే, చెంచా ఒకటే, అలమర ఒకటే. పొద్దున్న చూస్తే గిన్నెలో చాకుతో కోసేలా పెరుగు. సీసాలో పాలు.

తోడంటే మాత్రం ఏమిటి, అదీ క్రిమే కదా. ఇప్పుడా సీసాలో దాన్ని ఏదో చంపుతోంది. సబ్బు కాదు, ఆ సీసాకి నేను సబ్బు ముట్టించలేదు, ఈ చేతులతో నేనే కడిగాను. మరిగే నీళ్ళు ఐదుసార్లు పోశాను. నీళ్ళకి పోనిది, ఆవిరికి చావనిది ఏదో ఆ గాజుని పట్టుకుని ఉంది. ఆ సీసాలో ఇంతకుముందు ఏముందో నాకు తెలుసు. పగలక ముందు అందులో నీ మందు పోసి ఉంచారు.

మందంతా సీసాకే అంటుకుని ఉంటే, నీ దగ్గరికి వచ్చేది ఏమిటి చెల్లీ. నీళ్ళు.

ఇది ఆ పిల్లకి చెప్పాలంటే సీసా చూపించాలి. సీసా చూపిస్తే ఎక్కడిది అంటారు. ఉత్త మాట చెప్తే సబ్బు తప్పు కప్పిపుచ్చుకోడానికి కథలల్లుతోంది అంటారు. చెప్తే నన్ను ల్యాబులోంచి గెంటేస్తారు. గెంటేస్తే, నా మాట తప్పైతే, ఇక నీకోసం లోపల చూసే కన్ను కూడా ఉండదు. అటు చూస్తే గోడ, ఇటు చూస్తే గోడ. పొద్దుట్నుంచి ఆ సీసా ముందు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నా. ఏం చెయ్యను. నువ్వు చెప్పినట్టు చేస్తా.

అక్క


ఏడో నంబరు గది
పదమూడో తారీఖు

అక్కా,

చెప్పొద్దు.

నువ్వు చెప్పినట్టు చేస్తానన్నావు, చెప్తున్నా. కాలు నాది, నేనే పోగొట్టుకుంటా. నీకు ఆ కడుగుడు గది తప్ప ఏముంది. పొద్దున్నే వెళ్ళడానికి ఒక చోటు లేకపోతే ఆ ఇంట్లో గోడలు చూసుకుంటూ కూర్చుని, నాలుగు నెలల్లో మంచం ఎక్కుతావు. నాకు తెలుసు నాలుగు గోడలు ఎలా ఉంటాయో. చేత్తో తిప్పే మిషన్లు కూడా ఉన్నాయి, అమ్మ దానిమీదే కుట్టేది.

పెరుగు తోడుకోకపోవడానికి వంద కారణాలు ఉంటాయి. సీసా పగలగొట్టి పారెయ్యి.

నిన్న పాదం వేళ్ళని ఒక్కోదాన్నీ చేత్తో తాకి చూసుకున్నా. చిటికెన వేలికి స్పర్శ లేదు. మిగతావాటికి ఉంది. ఇది రాయకూడదు, నర్సు రాసేసింది, కొట్టెయ్యమంటే కొట్టెయ్యట్లేదు.

చెల్లి


ఇల్లు
పద్నాలుగో తారీఖు

చెల్లీ,

నీ ఉత్తరం ఈ పూటే వచ్చింది. ఆలస్యం అయింది. నిన్నే చెప్పేశాను. నువ్వు చెప్పినట్టు చేస్తానన్నాను కానీ నువ్వు ఏం చెప్తావో నాకు తెలియదా. రెండు రోజులు ఆగి నీ చేత "వద్దు" అనిపించుకుని, ఆ తర్వాత కూడా చేస్తే మాట తప్పినట్టు అవుతుంది. ముందే చేసేస్తే అది లేదు.

సీసా తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని వెళ్ళా. గేటు ఆయన సంచిలో చెయ్యి పెట్టాడు. "ఇదేంటి పెద్దమ్మా" అన్నాడు. "మీదే, తిరిగి తెచ్చాను" అన్నా. ఆయన నన్ను చూసి, సీసాని చూసి, ఫోన్ ఎత్తాడు. మొత్తానికి నన్ను మూడో అంతస్తుకి ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి లిఫ్టు ఎక్కా.

పెద్ద మేడం ఉంది, కళ్ళజోడు పిల్ల ఉంది. సీసా బల్ల మీద పెట్టాను. దాచకుండా చెప్పాను. బుట్టలోంచి తీసుకున్నానని, పాలు పోశానని, గిన్నెలో తోడుకుని ఇందులో తోడుకోలేదని. చెప్తుంటే మాటలు వెనకాముందు అయ్యాయి, మొదట పక్కింటావిడ తోడు సంగతి చెప్పి తర్వాత సీసా సంగతి చెప్పా.

పెద్ద మేడం నెత్తి పట్టుకుంది. "మూడో అంతస్తు సీసాలో పాలు పోసుకుని తాగారా."

"తాగలేదు. తోడుకోలేదుగా."

"తోడుకుని ఉంటే?"

సీసాని ఆవిడ వైపు ఇంకాస్త జరిపి నిలబడ్డా.

కళ్ళజోడు పిల్ల సీసాని చేత్తో తీసుకుని వెలుగుకి పెట్టి చూస్తోంది, అందులో ఏమీ కనపడదు, అయినా చూస్తోంది. తర్వాత చాలా మెల్లగా, పెదాలు చూస్తే కానీ నాకు తెలియలేదు, "మేడం, నేను పరీక్షించేది ప్లాస్టిక్‌లో. పంపించేది గాజులో" అంది. పెద్ద మేడం నెత్తి మీంచి చెయ్యి తీసింది. ఆ పిల్ల నా వైపు తిరిగి, గట్టిగా, నాకు వినపడేలా చెప్పింది. ఆ గొలుసు ముక్కల ఒంటినిండా ఒక రకం ఆకర్షణ ఉంటుందట, క్రిమి ఒంటిని పట్టుకునేది కూడా దాంతోనేనట. గాజుకీ అలాంటి తత్వమే ఉంటుందట. క్రిమిని పట్టుకున్నట్టే సీసాని పట్టుకుని వదల్లేదు. తనకి తెలిసుండాల్సిందట. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అద్దాలు కాదు, కళ్ళు.

నన్ను అక్కడే బల్ల దగ్గర కూర్చోబెట్టి అప్పటికప్పుడు చూశారు. ఒకే మందు, సగం గాజులో, సగం ప్లాస్టిక్‌లో, సాయంత్రం దాకా. ఇవాళ పొద్దున్న పళ్ళేలు తీశారట. ప్లాస్టిక్ దానికి గోరంత వలయం. గాజు దానికి ఏమీ లేదు. మా ఇంటి పక్కనుంచే పోతుంది కదా ఆ పిల్ల, వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పింది. లోపలికి రాలేదు, రాకూడదట.

ఎందుకంటే నన్ను తీసేశారు. మిగతా గదుల సీసాల్లో మిగిలింది కూడా సబ్బు కాదు, గాజుని పట్టుకున్న ఆ మందేనని ఒప్పుకుని సబ్బు కాగితం చించేశారు, నా కళ్ళముందే, ఆ గౌరవం చేశారు. కానీ సీసా కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. అది నిజమే కాబట్టి పెట్టాను. పెద్ద మేడం "రూలు నేను పెట్టింది కాదు" అంది. కార్డు, ఆప్రాను, రబ్బరు తొడుగులు ఇచ్చేశాను. నా స్టూలు ఎవరిదో తెలియదు, అది ల్యాబుదేననుకుంటా. సీసా కూడా అక్కడే ఉండిపోయింది, చీటీ అంటించి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు.

మందు ప్లాస్టిక్‌లో ఇవాళే బయల్దేరింది. ఇంకా ఆరు రోజులు. సరిపోతాయా. నర్సుని అడిగి నిజం రాయించు. నీ మాట నేను నమ్మను.

అక్క


ఏడో నంబరు గది
ఇరవై రెండో తారీఖు

అక్కా,

నా మాట నమ్మవు కాబట్టి ఇది నర్సు మాటగా రాస్తున్నా, కింద ఆవిడ కూడా సంతకం పెడుతుంది.

మండింది. మొదటి రోజే. పళ్ళు బిగబట్టి, మంచం కడ్డీ పట్టుకుని, హమ్మయ్య అనుకున్నా.

ఇరవయ్యో తారీఖు పొద్దున నన్ను ఆపరేషన్ బల్ల మీదికి తీసుకెళ్ళే ముందు పుల్ల పెట్టి తీసిన పరీక్ష వచ్చింది. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. వందల్లో ఉండేవి నాలుగున్నాయట. బల్ల మీదికైతే తీసుకెళ్ళారు. రెండు వేళ్ళు తీసేశారు, చిటికెన వేలు, దాని పక్కది. అవి అప్పటికే పోయాయట. ఉక్కు పట్టీ కూడా తీసేశారు. కాలు ఉంది. దుప్పటి ఎత్తి చూశా, ఉంది. మిషను తొక్కడానికి మూడు వేళ్ళు చాలా అని అడిగితే, మడమ ఉంటే చాలన్నాడు.

పరీక్ష మూడుసార్లు ఖాళీగా వస్తే కానీ ఈ తలుపు తియ్యరు. ఇంకో నెల అనుకో. మళ్ళీ రావచ్చు కూడా అని చెప్పారు, దాచను. ఆ పావురం మాత్రం వచ్చింది, ఇంకోదాన్ని వెంటేసుకుని.

నీ మీద కోపంగా ఉంది. ఏం చేస్తున్నావు అక్కడ ఒక్కదానివే. రోజంతా ఏం కడుగుతున్నావు.

చెల్లి
(నర్సు: ఇవన్నీ నిజాలే అమ్మా. ఈసారి నవ్వాను.)


ఏడో నంబరు గది బయట, నడవలో
శనివారం

చెల్లీ,

నువ్వు నిద్రపోతున్నావు. అటు తిరిగి పడుకున్నావు. దిండు ఎత్తుగా లేదు, నర్సుతో చెప్పాను.

నీ ఉత్తరం చదివి, రోజంతా ఏం కడుగుతున్నానా అని చూసుకుంటే, ఒక్క గిన్నెని మూడుసార్లు కడుగుతున్నా. మరిగే నీళ్ళతో. అప్పుడు తట్టింది. పదిహేను రోజుల రూలు ల్యాబు వాళ్ళకి. నాకు ల్యాబు లేదు. నన్ను ఎక్కడికీ వెళ్ళొద్దనేవాళ్ళు ఇక ఎవరూ లేరు. అది తట్టి కూడా భయమేసి ఇంకో పూట కూర్చున్నా. బస్సులో తప్పిపోతానేమో, సగం దారిలో నీకు ఏదైనా అవుతుందేమో, ఇంటికి తాళం వేశానో లేదో. తాళం వేశాననే అనుకుంటున్నా.

లోపలికి రానివ్వరట. ఈ నడవ దాకానే. నర్సు తన కుర్చీ నాకిచ్చింది, నువ్వు రాసినవన్నీ ఆవిడ ఈ కుర్చీలోనే కూర్చుని రాసిందట. ఇక్కడి నుంచి చూస్తే నీ గది నువ్వు రాసిన దానికంటే చిన్నది. ఐదు అడుగులు కాదు, నాలుగున్నర ఉంటుంది. గాజు మీద నువ్వు కాగితం ఆనించిన చోట మరక పడింది. చెయ్యి ఊరుకోక ఇటువైపు నుంచి కొంగుతో తుడిచాను, పోలేదు. అది లోపలి వైపు ఉంది.

పక్కన ఒక గది అద్దెకి చూశాను. నీ తలుపు తీసేదాకా ఉంటా. తియ్యకపోతే కూడా ఉంటా. మళ్ళీ వచ్చినా ఉంటా.

ఇప్పుడు నువ్వు కదులుతున్నావు. దుప్పటి కింద ఆ పాదం ఆడుతోంది.

ఈ కాగితం గాజుకి ఆనించి పట్టుకుంటా. నువ్వే ఇటు వచ్చి చదువు, నాలుగున్నర అడుగులే, మెల్లగా, కడ్డీ పట్టుకుని. చదవడం అయ్యాక తల ఊపు. ఏమీ మాట్లాడకు. నీ గొంతు నాకు ఎలాగూ వినపడదు, ఈ గాజు ఉన్నా, లేకపోయినా.

అక్క